తిరుపతి ఎండల్లో వర్చువల్ సర్వర్ల గది: కరెంటు, చల్లదనం ఎలా చూసుకోవాలి

పాతికో ముప్పయ్యో పాత సర్వర్లు తీసేశారు. వాటి పనంతా మూడు నాలుగు కొత్త హోస్టుల (పెద్ద సర్వర్ల) మీద వర్చువల్ మెషిన్లుగా (వీఎంలుగా), అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లుగా నడుస్తోంది. ర్యాకులు సగం ఖాళీ. అయినా కరెంటు బిల్లు అనుకున్నంత దిగలేదు, ఏసీలు ఎప్పటిలాగే రొద పెడుతున్నాయి, పైగా ఒక ర్యాకు వెనక్కి వెళ్తే మునుపు లేనంత వేడి మొహానికి కొడుతోంది. కాలేజీ కానీ, ఆసుపత్రి కానీ, హోటల్ కానీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీ కానీ, సర్వర్ గది చూసుకునేవాళ్లను కదిలిస్తే చాలామంది చెప్పేది ఇదే.

వర్చువలైజేషన్ చేసే పని లోడును కొద్ది మెషిన్లలోకి చేర్చడం, అంతవరకే. ఖాళీ అయినవాటిని ఆపడం, లోడు చేరిన చోట వేడి తీయడం, ఏసీనీ యూపీఎస్‌నీ కొత్త లోడుకు తగ్గట్టు మార్చడం మనమే విడిగా చేసుకోవాలి. రెండు నుంచి ఆరు ర్యాకులున్న గదిని దృష్టిలో పెట్టుకుని, ఏది ముందు ఏది వెనక అన్న వరుసలో రాస్తున్నాను. ఈ పనులు మార్చి లోపల ముగించుకుంటే మంచిది. మే నెలలో కర్తరి మొదలయ్యాక ఏసీ ఆపి ప్రయోగాలు చేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

ముందు కొలతలు

గోడకు తగిలించిన థర్మామీటర్‌ను పక్కన పెట్టండి. సర్వర్ పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో దానికి తెలియదు. ప్రతి ర్యాకు ముందు వైపు, తలుపు లోపల, కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి సెన్సర్లు పెట్టండి. కింద 21, పైన 30 కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ తేడాయే మీరు సరిచేయాల్సిన సమస్య.

కరెంటు మూడు చోట్ల కొలవాలి. గదికి వచ్చే మొత్తం, ఏసీలకు పోయేది, యూపీఎస్ నుంచి బయటికి వచ్చేది. ఎలక్ట్రీషియన్‌తో డీబీలో (కరెంటు పంచే బోర్డులో) సబ్ మీటర్లు పెట్టించండి. క్లాంప్ మీటరు పట్టి ఆంపియర్లను వోల్టులతో గుణించి "ఇన్ని వాట్లు సార్" అంటే ఒప్పుకోకండి, అలా వచ్చేది వీఏ (వోల్ట్ ఆంపియర్లు). దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (వీఏలో నిజంగా పనికొచ్చే వాటాతో) గుణిస్తే కానీ వాట్లు రావు. ఇక ఒక్కో హోస్ట్ ఎంత తింటోందో దాని మేనేజ్‌మెంట్ పోర్టే (సర్వర్‌ను దూరం నుంచి చూసుకునే పోర్టు) చెబుతుంది. డెల్ అయితే ఐడ్రాక్, హెచ్‌పీ అయితే ఐలో, మిగతావాటికి ఐపీఎంఐ.

ఆదివారంతో కలిపి కనీసం ఒక వారం లెక్క రాయండి. హోటల్ సర్వర్లకు వారాంతం రద్దీ, కాలేజీకి ఖాళీ. ఈ హెచ్చుతగ్గులు తెలియకుండా ఏ హోస్ట్ ఎప్పుడు ఆపాలో తేల్చలేరు.

పని లేని వీఎంలను ఏరేయండి

సగటు హోస్ట్ ఖాళీగా కూర్చున్నా పూర్తి లోడులో తినే కరెంటులో పెద్ద వాటానే తింటుంది. ఎవరూ ఎక్కకపోయినా ఇంజిన్ ఆపకుండా నిలబెట్టిన సప్తగిరి బస్సులాగా. కాబట్టి హోస్టుల సంఖ్య తగ్గించడంలోనే అసలు ఆదా ఉంది. దానికి ముందు ఆ హోస్టుల మీద అనవసరంగా కూర్చున్న వీఎంలు దిగాలి.

నెల రోజుల చరిత్ర తీసి, సీపీయూ ఒకటి రెండు శాతం దాటనివి, నెట్‌వర్క్ రాకపోకలు దాదాపు లేనివి ఒక జాబితా రాసుకోండి. "టెస్ట్", "ఓల్డ్", "న్యూ2" అనే పేర్లున్నవి ఎలాగూ అందులో ఉంటాయి. ఎవరివో అడగండి. ఎవరూ నాది అనకపోయినా వెంటనే డిలీట్ చేయకండి. ముందు నెట్‌వర్క్ కార్డు డిస్‌కనెక్ట్ చేసి వారం చూడండి, ఎవరూ ఫోన్ చేయకపోతే ఆపేయండి, అలా ఆపినవాటిని ఒక ఫోల్డరులో ఉంచి బ్యాకప్ తీశాకే తుడిచేయండి. ఏడాదికి ఒక్కసారే లేచే వీఎంలు కొన్ని ఉంటాయి. అడ్మిషన్ల పోర్టల్, మార్చి 31 లెక్కల సాఫ్ట్‌వేర్, ఆడిటర్ వచ్చినప్పుడు మాత్రమే తెరిచే పాత డేటాబేస్. వాటిని ఆపి ఉంచితే సరిపోతుంది, తీసేయక్కర్లేదు.

తర్వాత సైజులు. వెండర్ అడిగాడని 8 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు), 32 జీబీ మెమరీ ఇచ్చిన వీఎం నిజంగా వాడుతున్నది ఒక వీసీపీయూ, 6 జీబీ అయితే తగ్గించండి. దీనివల్ల స్పీడు పడిపోతుందని అప్లికేషన్ వాళ్లు టెన్షన్ పడతారు. కానీ ఎక్కువ వీసీపీయూలు ఉన్న వీఎం వాటికి చోటు దొరికే దాకా వెయిట్ చేయాల్సి వస్తుంది, కొన్నిసార్లు తగ్గించాకే చురుగ్గా నడుస్తుంది. వీఎం ప్రాసెసర్ కోసం ఎంతసేపు ఎదురుచూసిందో చెప్పే సీపీయూ రెడీ అనే అంకె ముందూ తర్వాతా చూపిస్తే వాదన ఆగిపోతుంది. చాలా గదుల్లో సీపీయూ కంటే ముందు నిండేది మెమరీ. కాబట్టి మెమరీ తగ్గింపుల నుంచే మొదలుపెట్టండి.

లోడు చేర్చండి, ఒక హోస్ట్ మిగులు ఉంచండి

నాలుగు హోస్టులుంటే మూడింటి మీద మొత్తం పని నడవాలి. ఒకటి ఎప్పుడు పోయినా తట్టుకునేలా. ఈ నియమాన్ని ఎంత ఆదా వచ్చినా వదలకండి.

ఆ మిగులు హోస్ట్‌ను ఆపి ఉంచాలా? మీ పనిని బట్టి ఉంటుంది. వీఎంలను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌లో డీఆర్ఎస్ క్లస్టర్ (లోడును బట్టి వీఎంలను తానే సర్దుకునే హోస్టుల గుంపు) ఉంటే డీపీఎం అనే సౌకర్యం లోడు తగ్గినప్పుడు వీఎంలను జరిపి హోస్టును నిద్రపుచ్చుతుంది, పెరిగితే లేపుతుంది. ముందు దాన్ని మాన్యువల్‌లో పెట్టండి, అప్పుడు సలహా మాత్రమే ఇస్తుంది. రెండు వారాలు ఆ సలహాలు చూశాక ఆటోమేటిక్ సంగతి ఆలోచించండి. ప్రతి హోస్టునూ ఒకసారి చేత్తో నిద్రపుచ్చి లేపి చూడకుండా మాత్రం ఆటోమేటిక్ జోలికి పోవద్దు. ప్రాక్స్‌మాక్స్ లాంటి ఇతర సాఫ్ట్‌వేర్లలో వీఎంలను మైగ్రేట్ చేయడం (వేరే హోస్టుకు జరపడం), నోడ్ (హోస్ట్) ఆపడం, వేక్ ఆన్ ల్యాన్‌తో (నెట్‌వర్క్ నుంచే) లేపడం స్క్రిప్టుతో చేసుకోవచ్చు.

నన్నడిగితే మూడు హోస్టుల గదిలో ఇంత హడావుడి వద్దు. సర్వర్ బూట్ అవడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది, ఆసుపత్రిలో రాత్రి పూట అంత సమయం ఎవరూ ఇవ్వరు. ఎనిమిది పది హోస్టులుండి, రాత్రిళ్లు, సెలవు రోజుల్లో లోడు బాగా పడిపోయే చోట అయితే తప్పకుండా పెట్టండి. రాత్రింబవళ్లు నడిచే ఒక కిలోవాట్ ఏడాదికి 8,760 యూనిట్లు. దాన్ని చల్లబరిచే ఏసీ ఖర్చు దీనికి అదనం.

చిన్న గదికైనా పెద్ద గదికైనా పనికొచ్చేది ఇంకొకటి ఉంది. హోస్ట్ బయోస్‌లో (ఆన్ అయ్యేటప్పుడు కనిపించే సెట్టింగుల్లో) పవర్ ప్రొఫైల్ చూడండి. ఇన్‌స్టాల్ చేసిన వాళ్లు మ్యాక్సిమమ్ పెర్ఫార్మెన్స్‌లో వదిలేసి పోయి ఉంటారు. దాన్ని ఓఎస్ కంట్రోల్‌కు మార్చి, హైపర్‌వైజర్‌లో (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) బ్యాలెన్స్‌డ్ పాలసీ ఎంచుకోండి. పని లేనప్పుడు ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది. ఆలస్యాన్ని ఏమాత్రం ఓర్వని డేటాబేస్ ఏదైనా ఉంటే ఆ ఒక్క హోస్టును పాత పద్ధతిలోనే ఉంచండి.

ఖాళీ అయినవి పీకేయండి

వీఎంగా మారిన పాత సర్వర్‌ను షట్‌డౌన్ చేస్తే చాలదు, పవర్ కార్డు కూడా తీసేయాలి. ప్లగ్‌లో ఉన్నంతసేపూ పవర్ సప్లై, మేనేజ్‌మెంట్ చిప్ కొద్దికొద్దిగా తింటూనే ఉంటాయి. పాత స్టోరేజ్ డబ్బాలు మరీ ఘోరం. వాటిలో డిస్కులు డేటా ఉన్నా లేకున్నా తిరుగుతూనే ఉంటాయి. "ఉండనీ సార్, ఎప్పుడైనా పనికొస్తుంది" అనే మాటకు లొంగకండి.

వేడి ఎక్కడ చేరిందో చూడండి

పాత గదిలో వేడి పలచగా పరుచుకుని ఉండేది. ఇప్పుడు అంతా రెండు మూడు చోట్ల గుట్టపడుతుంది. కొత్త హోస్టులన్నీ చూడ్డానికి బాగుందని ఒకే ర్యాకులో వరసగా బిగించారా? విడదీయండి. ఉన్న ర్యాకులన్నిటికీ పంచి, బరువైనవి కిందికి, చల్లగాలి బాగా అందే ఎత్తుకు దించండి. ఇలా చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. జంటగా నడిచే వీఎంలను, అంటే రెండు డొమైన్ కంట్రోలర్లు (లాగిన్లు చూసే సర్వర్లు), రెండు డేటాబేస్ కాపీల్లాంటివాటిని, వేర్వేరు ర్యాకుల్లో ఉండేలా యాంటీ అఫినిటీ రూల్ (ఒకే చోట ఉండకూడదనే నియమం) పెట్టుకోవచ్చు.

డీఆర్ఎస్ లాంటివి వీఎంలను జరిపేటప్పుడు సీపీయూ, మెమరీ చూస్తాయి తప్ప ర్యాకు ముందు ఎంత వేడి ఉందో చూడవు. రెండో ర్యాకు వైపు ఏసీ ఆగిపోయినా, అక్కడి హోస్ట్ ఖాళీగా కనిపిస్తే మరింత పని అక్కడికే పంపుతాయి. కాబట్టి ఇన్‌లెట్ (సర్వర్ గాలి పీల్చే వైపు) సెన్సర్ హద్దు దాటగానే ఆ ర్యాకు హోస్టులను మెయింటెనెన్స్ మోడ్‌లోకి (వీఎంలను వేరే చోటికి జరిపి ఖాళీ చేసే స్థితిలోకి) పంపే చిన్న స్క్రిప్ట్ రాయించుకోండి. అది కుదరకపోతే కనీసం రాత్రి డ్యూటీ మనిషికి ఎస్ఎంఎస్ వెళ్లాలి, అతనికి ఏ బటన్ నొక్కాలో తెలియాలి.

ఇప్పుడు గాలి దారి. ర్యాకులు ఒకే వరసలో ఉంటే అన్నిటి ముందు వైపులూ ఒకే దిక్కుకు ఉండాలి, ఒకటికి మించిన వరసలైతే ముందుకు ముందు, వెనక్కి వెనక ఎదురెదురుగా ఉండాలి. సర్వర్లు తీసేసిన ఖాళీ చోట్లను బ్లాంకింగ్ ప్యానెళ్లతో మూసేయండి. ఇది చేయని గదే ఎక్కువ. ఒక చిన్న పరీక్ష చేయండి. పలచటి టిష్యూ కాగితాన్ని అంగుళం వెడల్పు ముక్కగా చింపి, ర్యాకు ముందు నిలబడి ఖాళీ సందు దగ్గర వేలాడదీయండి. లోపలికి పీల్చుకుంటే సరే. మీ మొహం వైపు ఎగిరితే వెనకాల వేడి గాలి ఆ సందులోంచి ముందుకొచ్చి, మళ్లీ సర్వర్లలోకే పోతోందన్నమాట. తిరుపతిలో అగరుబత్తీకి కరువు లేదు కాబట్టి పొగతో చూద్దామనిపిస్తుంది. వద్దు, స్మోక్ డిటెక్టర్ మోగుతుంది.

ప్యానెళ్లు మూశాక, వెనక గుబురుగా వేలాడే కేబుళ్లు కట్టి పక్కకు జరిపాక, ర్యాకుల వరస చివర్లలో పీవీసీ స్ట్రిప్ కర్టెన్లు దింపాక మళ్లీ కొలవండి. పైనా కిందా తేడా మూడు నాలుగు డిగ్రీలకు దిగితే చాలు. కొత్త ఏసీ కొనాలనుకున్న చాలామందికి ఆ అవసరం ఇక్కడే తీరిపోతుంది.

ఏసీ లెక్క

సర్వర్ తిన్న ప్రతి వాటూ వేడిగానే బయటికి వస్తుంది. ఒక టన్ను ఏసీ అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడి తీయగలది. 7 కిలోవాట్ల లోడుకు రెండు టన్నులు చాలని కాగితం మీద తేలుతుంది. కాగితం మీద మాత్రమే.

ఇళ్లకు అమ్మే స్ప్లిట్ ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలుస్తారు. మన మే నెలలో నీడలోనే 42 దాటుతుంది, ఇక డాబా మీద పడమటెండలో నిలబెట్టిన అవుట్‌డోర్ యూనిట్ గతి చెప్పక్కర్లేదు. అప్పుడు దాని సామర్థ్యం పడిపోతుంది. పైగా స్ప్లిట్ ఏసీ తన శక్తిలో కొంత గాలిలో తేమ తీయడానికి ఖర్చు పెడుతుంది, సర్వర్ వేడిలో తేమ ఉండదు. అందుకని ప్రిసిషన్ ఏసీ (సర్వర్ గదుల కోసమే చేసే ఏసీ) లేని గదిలో లెక్కకు వచ్చిన టన్నుల మీద మూడో వంతు కలిపి, ఆపైన ఒక యూనిట్ అదనంగా పెట్టుకోండి. యూపీఎస్ గదిలోనే ఉంటే దాని నష్టం కూడా వేడే, అదీ కలపండి.

అవుట్‌డోర్ యూనిట్లు ఒకదాని వేడిగాలి ఇంకొకటి పీల్చేలా ఎదురెదురుగా ఉంటే విడదీయండి, పైన నీడ వేయించండి, గాలి కదలాలి కాబట్టి చుట్టూ మాత్రం మూయకండి. గదిలో ఇండోర్ యూనిట్‌ను ర్యాకు నెత్తిన బిగించవద్దు. డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజు నీళ్లు నేరుగా స్విచ్ మీద కారతాయి.

సెట్టింగ్ విషయానికొస్తే, సర్వర్ ఇన్‌లెట్ గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది యాష్రే (ఏసీ ఇంజినీర్ల అమెరికా సంస్థ) సిఫారసు. రిమోట్‌లో 16 పెట్టి గది వణికించడం వృథా. గాలి దారి సరిచేశాక వారానికి ఒక డిగ్రీ చొప్పున పెంచుతూ పోండి. నేనైతే ర్యాకు పైభాగపు ఇన్‌లెట్ 24, 25 దగ్గర ఆగిపోతాను. 27 దాకా తీసుకెళ్లకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, ఆ దరిదాపుల్లో సర్వర్ ఫ్యాన్లు వేగం పెంచుతాయి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, ఏసీలో మిగిల్చింది ఫ్యాన్లలో పోతుంది. రెండోది, కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు ఆ రెండు మూడు డిగ్రీలే మీ చేతిలో ఉన్న సమయం.

రాత్రిళ్లు బయటి గాలి వాడుకుందామని ఎవరైనా అంటే మన ఊరికి అది నప్పదు. డిసెంబరు, జనవరి రాత్రులు తప్ప ఇక్కడ బయటి గాలి చల్లగా ఉండదు. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల తేమ, మిగతా రోజుల్లో దుమ్ము. నీళ్ల కూలర్ ఆలోచనైతే రానేకూడదు.

యూపీఎస్, బ్యాటరీలు

ముప్పై సర్వర్ల కోసం కొన్న యూపీఎస్ ఇప్పుడు పదిహేను, ఇరవై శాతం లోడులో నడుస్తూ ఉండొచ్చు. అంత తక్కువ లోడులో దాని సామర్థ్యం పడిపోతుంది, సొంత నష్టాలు మాత్రం తగ్గవు. మాడ్యులర్ (విడి భాగాలుగా కూర్చిన) రకమైతే ఒకటి రెండు మాడ్యూళ్లు తీసి పక్కన పెట్టండి. కాకపోతే తర్వాతి మార్పిడిలో సైజు తగ్గించండి. కొనేటప్పుడు కేవీఏతో పాటు వాట్లూ చూడండి. 0.9 పవర్ ఫ్యాక్టర్ ఉన్న 10 కేవీఏ యూపీఎస్ ఇచ్చేది 9 కిలోవాట్లే.

హోస్టుకు రెండు పవర్ సప్లైలు ఉంటే రెండూ రెండు వేర్వేరు లైన్లకు వెళ్లాలి, ఒక్కో లైను మీద లోడు దాని సామర్థ్యంలో 40 శాతం మించకూడదు. ఒకటి పోతే రెండో దాని మీద మొత్తం పడినా ఎంసీబీ ట్రిప్ కాకుండా ఉండాలంటే అంతే ఉండాలి. లోడు చేర్చిన తర్వాత ఈ లెక్క మళ్లీ చూసుకోనివాళ్లే ఎక్కువ.

బ్యాటరీలు మెట్ల కింద, డాబా గదిలో పెట్టే అలవాటు మనకుంది. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ జీవితం 25 డిగ్రీల మీద ప్రతి 8, 10 డిగ్రీలకు దాదాపు సగానికి పడిపోతుంది. ఎండాకాలం ఆ గదిలో ఎంతుంటుందో ఒకసారి కొలిచి చూడండి. అలాగని సెల్లార్‌కు దించకండి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు ఎలా మునిగాయో గుర్తుంది కదా.

కరెంటు పోయిన పది నిమిషాలు

యూపీఎస్ అరగంట ఆగుతుంది కాబట్టి అరగంట సమయం ఉందనుకుంటారు. సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తుంటాయి, ఏసీలు ఉండవు. జనరేటర్ లేవకపోతే బ్యాటరీ కంటే ముందు వేడే మిమ్మల్ని ఓడిస్తుంది. జనరేటర్ లేచినా ఏసీ కంప్రెసర్, స్టెబిలైజర్ కలిసి మూడు నాలుగు నిమిషాలు తీసుకుంటాయి.

మీ గదికి ఎంత సమయం ఉందో పరీక్షించండి. వినియోగం తక్కువగా ఉండే ఆదివారం తెల్లవారుజామున ఏసీలన్నీ ఆపి, ఇన్‌లెట్ 32కు చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకుని, వెంటనే ఏసీలు వేసేయండి. వేసవి మధ్యాహ్నం ఇంకా తక్కువ పడుతుందని గుర్తుంచుకోండి. అదే మీ నిజమైన బ్యాకప్.

ఆ సమయాన్ని పెంచుకునే ఉపాయం వర్చువలైజేషన్‌లోనే ఉంది. వీఎంలను ముందే గుంపులుగా విడదీయండి. కరెంటు పోయి రెండు నిమిషాల్లో జనరేటర్ రాకపోతే టెస్ట్, రిపోర్టుల గుంపును ఆపేయండి. తర్వాత మిగిలినవాటిని ఒకటో రెండో హోస్టుల మీదికి జరిపి, ఖాళీ అయిన హోస్టులను పూర్తిగా ఆపండి. వీఎంలు ఆపి హోస్టులు నడిపిస్తే పెద్దగా ఏమీ మిగలదు, హోస్ట్ ఆగితేనే బ్యాటరీ మీద బరువూ, గదిలో వేడీ రెండూ తగ్గుతాయి. పెద్ద మెమరీ ఉన్న వీఎం జరగడానికి సమయం పడుతుంది కాబట్టి ఈ పని మొదట్లోనే జరగాలి, బ్యాటరీ చివరికొచ్చాక కాదు. ఇన్‌లెట్ 32 దాటినా, బ్యాటరీ సగానికి దిగినా మిగతావి కూడా వరసగా ఆగాలి. ముందు అప్లికేషన్లు, తర్వాత డేటాబేస్, ఆపైన డొమైన్ కంట్రోలర్, హోస్టులు, అన్నిటికంటే చివర స్టోరేజ్.

ఈ ఆదేశాలిచ్చే ప్రోగ్రాం, ఉదాహరణకు నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, ఆ హోస్టుల మీదే వీఎంగా ఉండకూడదు. తానే ఆగిపోతే మిగతావాటిని ఎవరు ఆపుతారు? ఒక చిన్న విడి మెషిన్ చాలు. దానికీ, దారిలోని నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ లైను ఉందో లేదో కేబుల్ పట్టుకుని చూడండి.

తిరిగి లేపేటప్పుడు వరస తలకిందులు: స్టోరేజ్, హోస్టులు, డొమైన్ కంట్రోలర్, డేటాబేస్, అప్లికేషన్లు. అన్నీ ఒకేసారి ఆన్ చేయకండి, ఒక్కోదానికీ మధ్య ఒకటి రెండు నిమిషాలు వదలండి. డీఎన్ఎస్ (పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే) వీఎం లేవకముందే హోస్టుల ఐపీ అడ్రసులు కావాలి కాబట్టి వాటిని కాగితం మీద రాసి ర్యాకు తలుపుకు అంటించండి.

అంతకంటే ముందు చూడాల్సింది ఏసీ. కరెంటు వచ్చాక కొన్ని స్ప్లిట్ ఏసీలు తమంతట తాము ఆన్ కావు, ఎవరో రిమోట్ నొక్కాలి. శనివారం రాత్రి కరెంటు పోయి వచ్చింది, సర్వర్లు యూపీఎస్ మీద హాయిగా ఉన్నాయి, ఏసీ మాత్రం సోమవారం దాకా నోరు మూసుకుని కూర్చుంది, ఇలా జరగడానికి పెద్ద ప్రమాదమేమీ అక్కర్లేదు. ఏసీ ఎంసీబీ ఆపి, ఐదు నిమిషాల తర్వాత వేసి చూడండి. దానంతటది లేవకపోతే ఆటో రీస్టార్ట్ ఉన్నదానితో మార్చండి. అప్పటిదాకా రిమోట్ వాచ్‌మన్ దగ్గర ఉండాలి, గది తాళంతో సహా. లైన్ల మరమ్మతు కోసం సరఫరా ఆపుతున్నట్టు పేపర్ జిల్లా పేజీలో వేసే ప్రకటనలు కూడా ఎవరో ఒకరు రోజూ చూడాలి.

అకౌంట్స్ వాళ్లు అడిగితే

పీయూఈ అంకె చూపించకండి. గదికి వచ్చే మొత్తం కరెంటును సర్వర్లు, స్విచ్‌లు, స్టోరేజ్ తినే కరెంటుతో భాగిస్తే వచ్చేది పీయూఈ. ఉదాహరణకు సర్వర్ల లోడు 10 కిలోవాట్లు, మొత్తం 20 ఉన్న గదిలో పీయూఈ 2. వర్చువలైజ్ చేశాక లోడు 4కు, మొత్తం 11కు దిగితే పీయూఈ 2.75 అవుతుంది. బిల్లు దాదాపు సగమైంది, అంకె చూస్తే గది పాడైనట్టుంది. ఆ అంకె మీ పనికొచ్చేది వేరే విధంగా: సర్వర్లు తగ్గినంతగా ఏసీ, యూపీఎస్ ఇంకా తగ్గలేదని చెబుతుంది. అకౌంట్స్‌కు నెలవారీ యూనిట్లు చూపండి, పోయిన ఏడాది అదే నెలతో పోల్చి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే కేవీఏ డిమాండ్ కూడా చూపండి. అది ఏడాది పొడవునా, మే నెలతో సహా, తక్కువగానే నిలిచిందని తేలాక ఒప్పంద డిమాండ్ తగ్గించమని డిస్కంకు దరఖాస్తు పెట్టొచ్చు. మన డిస్కం ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఉన్నది తిరుపతిలోనే.